కుక్కకి పిడుదులు, ఫ్లీస్ పట్టకుండా చూసుకోవడం: తిరుపతి, చిత్తూరు ఇళ్ళకి పనికొచ్చే గైడ్

కుక్క ఒంటి మీద పిడుదు కనపడగానే చాలామంది చేసే పని, దాన్ని పీకి పారేయడం, లేదంటే షాపుకెళ్ళి ఏదో ఒక మందు తెచ్చి పూసేయడం. కొన్ని వారాలకి మళ్ళీ అవే పిడుదులు, మళ్ళీ అదే మందు, చివరికి ఈ మందు పని చేయడం లేదు ఇంకోటి ఇవ్వండి అని షాపువాళ్ళని అడగడం. మందు బాగానే పని చేస్తుంటుంది చాలాసార్లు, కాకపోతే కుక్కకి వేసి ఇల్లు వదిలేస్తున్నాం. పిడుదు తన బతుకులో ఎక్కువ రోజులు కుక్క మీద ఉండదు, మన గోడ పగుళ్ళలో, కడప బండల సందుల్లో, కుక్క పడుకునే గోనెసంచి కింద ఉంటుంది. కుక్కకీ ఇంటికీ ఒకేసారి పని మొదలుపెట్టాలి, కనీసం మూడు నాలుగు నెలలు వదలకుండా చేయాలి. దీనికి మించిన చిట్కా ఏదీ లేదు, కింద రాసేదంతా దాన్ని ఎట్లా చేయాలనే.

ముందు పిడుదు సంగతి తెలుసుకోండి

పిడుదులు అనండి, గోమార్లు అనండి, మన దగ్గర ఇళ్ళలో ఉండే కుక్కలకి ఎక్కువగా పట్టేది బ్రౌన్ డాగ్ టిక్ అనే గోధుమ రంగు రకం. గుడ్డు నుంచి వచ్చినప్పుడు ఆవగింజ కంటే చిన్నగా ఆరు కాళ్ళతో ఉంటుంది, కుక్క ఎక్కి రక్తం తాగి కిందికి రాలిపోతుంది, ఏదో సందులో దాక్కుని పొర వదిలి ఎనిమిది కాళ్ళతో బయటికొస్తుంది, మళ్ళీ ఎక్కుతుంది, మళ్ళీ రాలుతుంది, మూడోసారి పెద్దదై ఎక్కుతుంది. మూడుసార్లు ఎక్కడం, మూడుసార్లు దిగడం. ఆఖరిసారి ఆడ పిడుదు కడుపు నిండా తాగి బూడిద రంగులో చిక్కుడు గింజంత ఉబ్బుతుంది గదా, అది రాలిపోయి ఎక్కడో మూల చేరి వేలల్లో గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. వేడిగా ఉండే మన వాతావరణంలో ఈ చుట్టు మొత్తం రెండు మూడు నెలల్లో తిరిగిపోతుంది, అదే తిండి దొరక్కపోతే పెద్ద పిడుదు నెలల తరబడి ఏమీ తినకుండా గోడలో కూర్చోగలదు. ఊరికెళ్ళి ఇల్లు తాళం వేసి వస్తే చచ్చిపోతాయి అనుకునేవాళ్ళు ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఇంకోటి, ఈ రకానికి పైకి ఎక్కే అలవాటుంది. నేల ఊడ్చి ఫినాయిల్ వేసి తుడిచి పని అయిపోయింది అనుకుంటాం, అవేమో కర్టెన్ మడతల్లో, తలుపు ఫ్రేము వెనక, స్విచ్‌బోర్డు పక్కన, ఒక్కోసారి సీలింగ్ దగ్గర ఉంటాయి.

చిత్తూరు, పలమనేరు వైపు పాడి ఆవులు ఉన్న ఇళ్ళల్లో కుక్కకి ఆవుల నుంచే పట్టినాయి అంటారు. ఆవుల మీద ఎక్కువగా కనపడే రకం వేరు, అది ఒకసారి ఆవు మీద ఎక్కితే మూడు దశలూ అక్కడే గడిపేస్తుంది. మీ కుక్కకి పట్టింది మాత్రం ఎక్కువసార్లు ఇంకో కుక్క తిరిగిన, పడుకున్న చోటి నుంచే వచ్చి ఉంటుంది.

మంచు పడే దేశాల్లో చలికాలం కొంచెం ఊపిరి పీల్చుకోవచ్చేమో, మనకి ఆ వీలు లేదు. కత్తెర ఎండల్లోనూ ఉంటాయి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుపాను వానలు పడి పొదలు ఏపుగా పెరిగినప్పుడూ ఉంటాయి. సీజన్ చూసి మందు వేయడం కాదు, పన్నెండు నెలలూ వేయాల్సిందే.

ఇంక ఫ్లీస్ అంటే వెంట్రుకల మధ్య చకచకా పరిగెత్తి టపీమని ఎగిరే చిన్న ముదురు గోధుమ పురుగులు. వీటి కథ ఇంకా ఘోరం. మనకి కుక్క మీద కనపడే పెద్ద ఫ్లీస్ మొత్తంలో నూటికి ఐదు వంతులే అని లెక్క, మిగతా తొంభై ఐదు గుడ్లుగా, పురుగు పిల్లలుగా, గూళ్ళుగా పరుపుల్లో, సోఫా సందుల్లో, మట్టిలో ఉంటాయి. ఒక్కోటి రోజుకి నలభై యాభై గుడ్లు పెడుతుంది. గూట్లో ఉన్నదైతే మందుకి కూడా సరిగ్గా చిక్కదు, కుక్కో మనిషో దగ్గరికొచ్చిన అలికిడికి, వేడికి బయటికి దూకుతుంది.

స్టెప్ 1: రోజూ చేత్తో వెతకండి

కళ్ళతో చూస్తే సరిపోదు, ముఖ్యంగా లాబ్రడార్, షిట్జూ లాంటి బొచ్చు కుక్కలకి. సాయంత్రం వాకింగ్ నుంచి రాగానే వేళ్ళు వెంట్రుకల లోపలికి పెట్టి చర్మం మీద నెమ్మదిగా తడుముతూ పోండి, చిన్న గడ్డలాగా తగిలితే వెంట్రుకలు విడదీసి చూడండి. చెవుల లోపల, చెవి మడతల్లో, కాలి వేళ్ళ మధ్య, బెల్టు కింద, చంకల్లో, తొడ సందుల్లో, తోక మొదట్లో, కనురెప్పల దగ్గర తప్పకుండా చూడాలి. కాలి వేళ్ళ మధ్య చాలామంది చూడరు, అక్కడే గుత్తులుగా ఉంటాయి. తడిమేటప్పుడు పొట్ట మీద రెండు వరుసల్లో తగిలేవి చనుమొనలు, మగ కుక్కకి కూడా ఉంటాయి, పిడుదు అనుకుని వాటిని లాగే పిల్లలు ఉంటారు కాబట్టి ఇంట్లో అందరికీ చెప్పండి. పిడుదు అయితే దగ్గరగా చూస్తే కాళ్ళు కనపడతాయి.

ఫ్లీస్ కోసమైతే పేన్ల దువ్వెన తీసుకుని తోక మొదట్లో, నడుము మీద దువ్వండి. నల్లటి పొడిలాంటిది వస్తే తడిపిన తెల్ల టిష్యూ మీద వేసి చూడండి, చుట్టూ ఎరుపు గోధుమ రంగు దిగితే అది మట్టి కాదు, ఫ్లీ తాగి వదిలిన రక్తం. అంటే ఫ్లీస్ ఉన్నట్టే, పురుగు కనపడకపోయినా సరే. కుక్క మలద్వారం చుట్టూ బియ్యపు గింజల్లాంటివి కనపడితే అది బద్దెపురుగు, ఫ్లీని కొరికి మింగడం వల్ల వస్తుంది, దానికి వేరే మాత్ర కావాలి, డాక్టర్‌ని అడగండి.

స్టెప్ 2: పట్టిన పిడుదుని సరిగ్గా తీయండి

సన్న మొన ఉన్న ట్వీజర్స్ కానీ, పెట్ షాపుల్లో దొరికే టిక్ రిమూవర్ కానీ తెచ్చిపెట్టుకోండి, చేతికి గ్లవ్స్ వేసుకోండి. పిడుదు పొట్టని పట్టుకోకూడదు, చర్మానికి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గర నోటి భాగం పట్టుకుని నిదానంగా, తిప్పకుండా, నేరుగా పైకి లాగండి. తొందరపడి లాగితే నోటి ముక్క లోపల ఉండిపోతుంది. ఉండిపోయినా భయపడి సూదితో కెలకొద్దు, కొన్నాళ్ళకి అదే బయటికొస్తుంది, వాపు చీము వస్తే అప్పుడు చూపించండి. తీసిన తర్వాత సోపు నీళ్ళతో కడిగి బీటాడిన్ రాయండి.

అగ్గిపుల్లతో కాల్చడం, కిరోసిన్ పోయడం, నూనె పట్టించి ఊపిరాడకుండా చేయడం, ఇవన్నీ మానేయండి. పిడుదు ఊడిరావడానికి టైం పడుతుంది, ఈలోపు ఇబ్బంది పడి తన లోపలి ఉమ్మిని కుక్క రక్తంలోకి కక్కే ప్రమాదం ఎక్కువ, కుక్కకి రోగం అంటేది ఆ ఉమ్మి ద్వారానే. తీసిన దాన్ని గోరుతో నలపొద్దు, చెప్పుతో తొక్కి వదిలేయొద్దు, చిన్న సీసాలో స్పిరిట్ పోసి అందులో వేయండి. ఒంటి నిండా ఉంటే ఒక్కొక్కటీ పీకుతూ కూర్చోకండి, కుక్కకి నరకం, నేరుగా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.

స్టెప్ 3: కుక్కకి మందు

దేనికైనా ముందు బరువు తెలియాలి. ఇంట్లో వెయిట్ మెషీన్ ఉంటే కుక్కని ఎత్తుకుని ఎక్కండి, తర్వాత మీరొక్కరే ఎక్కి ఆ బరువు తీసేయండి. పెద్ద కుక్క డోసు కొని రెండు చిన్న కుక్కలకి పంచడం మాత్రం చేయొద్దు, ఎవరికి ఎంత పోయిందో తెలియదు.

ఇప్పుడు నాకు బాగా నమ్మకమున్నవి నమిలే మాత్రలు. నెక్స్‌గార్డ్ నెలకొకసారి, సింపారికా కూడా దాదాపు నెలకే, 35 రోజుల దాకా, బ్రావెక్టో పన్నెండు వారాలకి ఒకసారి, అదైతే అన్నంతో పాటు ఇవ్వాలి. ఇవి రక్తంలో కలిసి పని చేస్తాయి కాబట్టి స్నానం చేయించినా, వానలో తడిసినా పోదు. ఇక్కడొకటి అర్థం చేసుకోవాలి, పిడుదు కరిస్తేనే మందు దానికి అందుతుంది, చావడానికి ఒకటి రెండు రోజులు పట్టొచ్చు. కాబట్టి మాత్ర వేసిన తర్వాత కూడా ఒకటీ రెండూ కనపడితే మందు దొంగ సరుకు అనుకోవద్దు, ఎండిపోయి వేలాడుతున్న చచ్చిన పిడుదులు కనపడటం మామూలే. ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉన్న కుక్క అయితే ఈ మాత్రల ముందు డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి, అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లోనే దీని గురించి హెచ్చరిక ఇచ్చింది.

మెడ వెనక వేసే చుక్కల మందు, అదే స్పాట్ ఆన్, ఫిప్రోనిల్ అనే మందు ఉన్నది ఎక్కువగా దొరుకుతుంది. వెంట్రుకల మీద పోస్తే దండగ, రెండు భుజాల మధ్య వెంట్రుకలు విడదీసి చర్మం మీదే వేయాలి. వేయడానికి రెండు రోజుల ముందు, వేసినాక రెండు రోజులు స్నానం వద్దు. వారం వారం షాంపూ పెట్టే ఇళ్ళల్లో ఇది త్వరగా బలం తగ్గిపోతుంది. కొన్ని కుక్కల స్పాట్ ఆన్‌లలో పర్మెత్రిన్ అనే పురుగుల మందు కూడా కలిసి ఉంటుంది, ఇంట్లో పిల్లి ఉంటే అది కొననే కొనొద్దు, పిల్లికి పర్మెత్రిన్ ప్రాణాంతకం, కుక్కని నాకినా, దాని పక్కన పడుకున్నా చాలు.

పిడుదుల కోసం మెడకి కట్టే సెరెస్టో బెల్టు ఎనిమిది నెలల దాకా పని చేస్తుంది, కానీ నకిలీలు తిరుగుతుంటాయి, డాక్టర్ దగ్గరో నమ్మకమైన చోటో తీసుకోండి. పౌడర్లు, టిక్ షాంపూలు ఆ రోజుకి కొంచెం తగ్గిస్తాయి, అంతే, వాటి మీద ఆధారపడొద్దు.

అమిట్రాజ్ నీళ్ళలో కలిపి ఒళ్ళు తడిపే మందు చవకగా దొరుకుతుంది కాబట్టి చాలామంది వాడతారు. డాక్టర్ చెప్పిన కొలతలో అప్పటికప్పుడు కలిపి, గాలి వచ్చే చోట, గ్లవ్స్ వేసుకుని, గాయాలు లేనప్పుడే వాడాలి, ఆరేదాకా నాకకుండా చూడాలి. కుక్కపిల్లలకి, ముసలి వాటికి, షుగర్ ఉన్న వాటికి వద్దు.

రెండు నెలలు నిండని కుక్కపిల్లలకి ఈ మందులేవీ మీ అంతట మీరు వేయొద్దు. గోరువెచ్చని నీళ్ళు, మెత్తటి బేబీ షాంపూ, పేన్ల దువ్వెన, తల్లికి ట్రీట్‌మెంట్, పరుపు రోజూ మార్చడం, దాంతో నెట్టుకురావాలి. చిన్న కుక్కపిల్ల చిగుళ్ళు తెల్లగా కనపడితే మాత్రం రేపటి దాకా ఆగొద్దు, ఒంట్లో రక్తమే కొంచెం, అవి తాగేస్తే ప్రాణం మీదికొస్తుంది.

దయచేసి ఇవి వాడొద్దు

ఆవులకి, గొర్రెలకి కొట్టే మందు డబ్బా ఇంట్లో ఉంది గదా అని మూత లెక్కన బకెట్లో కలిపి కుక్క మీద పోయడం మన జిల్లాల్లో మామూలైపోయింది. ఆవుకి సరిపోయిన మోతాదు కుక్కకి పడదు, పైగా కుక్క ఒళ్ళంతా నాక్కుంటుంది. నోట్లో నురగ, వణుకు, తూలడం, ఫిట్స్ వస్తాయి. అట్లా జరిగితే వెంటనే డిష్‌వాష్ లిక్విడ్‌తో కడిగి, ఆ డబ్బా చేతిలో పట్టుకునే డాక్టర్ దగ్గరికి పరిగెత్తండి.

కొబ్బరినూనెలో కర్పూరం వేసి పట్టించమని పెద్దవాళ్ళు చెప్తారు, మంచి మనసుతోనే చెప్తారు, కానీ కర్పూరం కుక్కకి విషం, ఫిట్స్ తెప్పిస్తుంది. వెల్లుల్లి తినిపించడం కూడా అంతే, అది రక్తకణాల్నే పగలగొడుతుంది. చీమల చాక్‌పీస్ గీతలు ఒంటి మీద గీయడం, కిరోసిన్, పెట్రోల్, ఫినాయిల్‌తో స్నానం, వద్దంటే వద్దు. వేపాకు ఉడికించిన నీళ్ళు పోస్తే నష్టమేమీ లేదు, కానీ పట్టిన పిడుదులు దాంతో పోవు.

స్టెప్ 4: ఇల్లు, అసలు యుద్ధం ఇక్కడే

కుక్కకి మందు వేసిన రోజే ఇది మొదలవ్వాలి. కుక్క పడుకునే గుడ్డలు, గోనెసంచులు పాతవైతే పారేయండి, మిగతావి బాగా వేడి నీళ్ళలో ఉతికి ఎండలో వేయండి, వారానికి ఒకసారి. నులక మంచం కింద, కుర్చీల మూలల్లో, చెప్పుల స్టాండ్ వెనక, కుక్క రోజూ ఒరిగి కూర్చునే గోడ వారగా టార్చ్ వేసి చూడండి, రాత్రిపూట చూస్తే గోడ మీద పాకుతూ బాగా దొరుకుతాయి.

వాక్యూమ్ క్లీనర్ ఉంటే సోఫా సందులు, పరుపు అంచులు, కార్పెట్లు రోజు విడిచి రోజు లాగండి, ఆ సంచి బయట కట్టేసి పారేయండి. ఫ్లీస్ ఉన్న ఇళ్ళలో వాక్యూమ్‌కి ఇంకో ఉపయోగం ఉంది, ఆ అదురుకి గూళ్ళలోవి బయటికొస్తాయి, వచ్చి మందున్న కుక్క ఎక్కి చస్తాయి.

పాత ఇళ్ళల్లో కడప బండల మధ్య సిమెంట్ ఊడిపోయి సందులు పడి ఉంటాయి, మెట్ల కింద, మిద్దె మీద వాటర్ ట్యాంక్ దగ్గర, వాకిట్లో కాంపౌండ్ గోడకి పగుళ్ళు ఉంటాయి. నిజం చెప్పాలంటే స్ప్రేల కంటే ఈ సందులు వైట్ సిమెంట్‌తో మూయించడమే ఎక్కువ కాలం నిలిచే పని. కుక్క ఉండే షెడ్డు అయితే బయటి సిమెంట్ నేల సందుల్లో సలసల కాగే నీళ్ళు పోయొచ్చు, చల్లారేదాకా కుక్కని దూరంగా కట్టేయండి.

అయినా తగ్గకపోతే పెస్ట్ కంట్రోల్ వాళ్ళని పిలవండి, బొద్దింకలకి కాదు పిడుదులకి అని స్పష్టంగా చెప్పండి, గోడలు పైదాకా కొట్టమనండి. పూర్తిగా ఆరేదాకా కుక్క, పిల్లి, చిన్న పిల్లలు లోపలికి రాకూడదు, చేపల తొట్టి ఉంటే ఎయిర్ పంప్ ఆపి మూసేయాలి, వీలైతే వేరే ఇంట్లో పెట్టాలి. గుడ్ల మీద స్ప్రే పెద్దగా పని చేయదు, అందుకని రెండు మూడు వారాలకి మళ్ళీ కొట్టించడం తప్పదు. ఒకసారికి డబ్బులు పెట్టి రెండోది మానేస్తే మొదటిది కూడా వృథా.

ఇంట్లో రెండు కుక్కలుంటే రెండింటికీ ఒకే రోజు మందు. ఒకదానికే పట్టినాయి గదా అని వదిలిన రెండోదాని మీదే మళ్ళీ మొదలవుతాయి.

స్టెప్ 5: బయట తిప్పేటప్పుడు

అలిపిరి వైపు, యూనివర్సిటీ రోడ్ల వెంబడి పొద్దున్నే కుక్కల్ని తిప్పేవాళ్ళు చాలామంది ఉంటారు. రోడ్డు వారగా తిప్పినా పొదల్లోకి, ఎత్తు గడ్డిలోకి దూరనివ్వకండి, వీధి కుక్కలు పడుకునే ఇసుక కుప్పలు, ఖాళీ ప్లాట్ల దగ్గర ఆగనివ్వకండి. ఇంటి ముందు గడ్డి, కంపలు కొట్టేయండి.

వీధి కుక్కల్ని తరమడం పరిష్కారం కాదు, ఒకటి పోతే ఇంకోటి వస్తుంది. మీ గేటు దగ్గర రోజూ అన్నం తినే కుక్క ఉంటే దాని బరువు అంచనా డాక్టర్‌కి చెప్పి దానికీ మాత్ర అడగండి. దానికి మేలు, మీ కుక్కకీ మేలు. వీధిలో నలుగురు కలిస్తే ఖర్చు కూడా భారం కాదు. బోర్డింగ్‌లో వదిలే ముందు, గ్రూమింగ్‌కి పంపే ముందు మందు తేదీ దాటలేదని చూసుకోండి.

జ్వరం అనుమానం వస్తే

అన్నం వదిలేయడం, పిలిస్తే లేవకపోవడం, ఒళ్ళు కాలడం, చిగుళ్ళు పాలిపోవడం, ముక్కులో నుంచి రక్తం, పొట్ట మీద ఎర్రటి నీలపు మచ్చలు, కాఫీ రంగులో మూత్రం. ఇందులో ఏదున్నా టిక్ ఫీవర్, అంటే పిడుదు కాటుతో వచ్చే జ్వరం అనుకుని అదే రోజు చూపించండి, పిడుదు కనపడకపోయినా సరే, అది రక్తం తాగి ఎప్పుడో దిగిపోయి ఉండొచ్చు. కుక్కకి మామూలు ఒంటి వేడే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్, 103 దాటితే జ్వరం.

మనం వేసుకునే పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ ఇవ్వొద్దు. ఈ జ్వరంలో ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటాయి, నొప్పి మాత్రలు కొన్ని రక్తస్రావాన్ని ఇంకా పెంచుతాయి.

తిరుపతి చుట్టుపక్కల ఉండేవాళ్ళకి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి దగ్గర్లోనే ఉంది, 1955లో మొదలైన కాలేజీ, 2005 నుంచి శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద ఉంది. ఎక్కడికెళ్ళినా సీబీసీ (రక్తకణాల లెక్క), ప్లేట్‌లెట్ కౌంట్, రక్తం స్మియర్ (రక్తం చుక్కని మైక్రోస్కోప్ కింద చూడటం) చేయించమని అడగండి. ఎర్లీకియా, బబేసియా అనే రోగక్రిములు రెండూ పిడుదు తెచ్చేవే, కానీ మందులు వేరు, అందుకే పక్కింటి కుక్కకి రాసిన చీటీ చూపించి మెడికల్ షాపులో కొనడం పనికిరాదు. ఇంట్లో మనుషులకి కూడా పిడుదు కరిచిన తర్వాత జ్వరం, ఒంటి మీద దద్దుర్లు వస్తే మీ డాక్టర్‌కి పిడుదు సంగతి చెప్పండి. మన వైపు ఎక్కువగా వినపడే స్క్రబ్ టైఫస్ వేరే, అది పొదల్లో ఉండే చిగ్గర్ మైట్ అనే సన్న పురుగు కుట్టి వస్తుంది, కుక్క పిడుదు వల్ల కాదు.

ఎర్లీకియాకి మామూలుగా డాక్సీసైక్లిన్ ఇరవై ఎనిమిది రోజులు రాస్తారు. నాలుగు రోజులకే కుక్క లేచి తోక ఊపుతుంది, చాలామంది అక్కడే ఆపేస్తారు, ఆపొద్దు, రోగం లోపలే ఉండిపోయి నెలల తర్వాత ఇంకా గట్టిగా తిరగబడొచ్చు. మాత్ర పాలలో, పెరుగన్నంలో పెట్టి ఇవ్వకండి, పాలలో ఉండే కాల్షియం మందుని పట్టేసుకుంటుంది. గుడ్డుతోనో చికెన్ అన్నంతోనో ఇచ్చి వెంటనే నీళ్ళు తాగించండి, లేకపోతే గొంతులో అతుక్కుని పుండు పడుతుంది. కోర్సు అయినాక ప్లేట్‌లెట్లు మళ్ళీ చూపించండి. ఒకసారి వచ్చి తగ్గిన కుక్కకి కూడా పిడుదు కరిస్తే మళ్ళీ రావచ్చు, అందుకని పిడుదుల మాత్ర ఏ తేదీన మొదలుపెట్టాలో ట్రీట్‌మెంట్ నడుస్తున్నప్పుడే డాక్టర్‌ని అడిగి ఫోన్‌లో నెల నెలా రిమైండర్ పెట్టుకోండి.